బానిసత్వం నుంచి సింహాసనానికి: ఈజిప్టు మమ్లూకులు, ఢిల్లీ 'బానిస వంశం' – తులనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:

మధ్యయుగ ఇస్లామిక ప్రపంచంలో కొనుగోలు చేసిన బాలురను, యువకులను సైనికులుగా తీర్చిదిద్దే పద్ధతి 9వ శతాబ్దిలో స్థిరపడి 19వ శతాబ్ది ఆరంభం వరకు ఏదో ఒక రూపంలో కొనసాగింది. వారిలో కొందరు సేనానులై, మరికొందరు సుల్తానులై పాలించారు. యజమాని సొత్తుగా ఉన్న వ్యక్తి స్వతంత్రులైన ప్రజలకు ప్రభువు కావడం ఎలా సాధ్యమయింది? ధర్మశాస్త్రం, సైన్యం, ప్రజలు దానిని ఏ ప్రాతిపదికన అంగీకరించారు? ఈజిప్టు మమ్లూక్ రాజ్యాన్ని (1250–1517) ప్రధాన ఆధారంగా తీసుకొని, ఢిల్లీ తొలి సుల్తానులతో పోల్చి ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 'బానిస వంశం' అనే వాడుక ఎంతవరకు సమంజసమో చర్చించడం ఇందులో భాగం.

కీలక పదాలు: మమ్లూక్, గులాం, బందా, విముక్తి, ఇఖ్తా, బైబర్స్, ఇల్తుత్‌మిష్, వారసత్వం.

1. ప్రవేశిక:

'బానిస' అనగానే హక్కులు లేని, కూలి లేని, ఇతరుల ఇష్టానికి లోబడి బతికే మనిషి స్ఫురిస్తాడు. 'రాజు' అనగానే వంశగౌరవం, వారసత్వం, పట్టాభిషేకం గుర్తుకు వస్తాయి. ఈ రెండు భావనలు ఒకే వ్యక్తి జీవితంలో ఒకదాని వెంట ఒకటి రావడం ఇస్లామిక చరిత్రలో అరుదైన సంఘటన కాదు. కైరోలో రెండున్నర శతాబ్దాలకు పైగా అది రాజ్యవ్యవస్థకే మూలసూత్రమైంది. అందువల్ల దీనిని కొందరు అదృష్టవంతుల కథగా చెప్పి ఊరుకుంటే విషయం బోధపడదు. వ్యక్తుల ప్రతిభ కంటే ముందు, ఆ ప్రతిభకు దారి చూపిన వ్యవస్థ నిర్మాణాన్ని అర్థం చేసుకోవలసి ఉంటుంది.

2. పదాలు – అర్థఛాయలు:

'మమ్లూక్' అనే అరబ్బీ పదానికి 'సొంతం చేసుకోబడినవాడు' అని అర్థం. ఆచరణలో ఈ పదం తెల్లజాతి సైనిక బానిసకు, ముఖ్యంగా తురుష్క, సర్కాసియన్ ప్రాంతాల నుంచి వచ్చినవారికి రూఢమైంది. ఇంటి పనులు చేసే సాధారణ బానిసను 'అబ్ద్' అనేవారు. 'గులాం' అంటే బాలుడు, యువకుడు. పర్షియన్ ప్రభావం ఉన్న ప్రాంతాలలో సైనిక బానిసకు ఈ పేరు స్థిరపడింది. ఢిల్లీ చరిత్రకారులు ఎక్కువగా వాడిన మాట 'బందా'. దాని బహువచనం 'బందగాన్'. ఉస్మానియా తురుష్కులు 'కుల్' అన్నారు.

ఈ పదాలన్నింటినీ తెలుగులో 'బానిస' అనే ఒక్క మాటతో అనువదించడం వల్ల అర్థభేదాలు చెరిగిపోతాయి. మమ్లూకు గుర్రం ఎక్కుతాడు, ఆయుధం పడతాడు, జీతం పొందుతాడు. ఉన్నత పదవి దక్కితే తానే ఇతర మమ్లూకులను కొంటాడు. అలాగని అతనిని బానిస కాదనడమూ సరికాదు. అతను బజారులో అమ్ముడుపోయినవాడు. తల్లిదండ్రులకు, జన్మభూమికి, మాతృమతానికి దూరమైనవాడు. బానిసత్వానికి మూలలక్షణం జన్మసంబంధాల నుంచి విడదీయడమేనని సామాజిక శాస్త్రవేత్త ఓర్లాండో ప్యాటర్‌సన్ 1982లో ప్రతిపాదించాడు. పాలకులకు మమ్లూకు ఉపయోగపడింది సరిగ్గా ఈ లక్షణం వల్లనే.

3. బానిస సైన్యం ఏర్పడిన సందర్భం:

అబ్బాసీ ఖలీఫా అల్ ముతసిం (833–842) తురుష్క బానిస యోధులను పెద్ద సంఖ్యలో చేర్చుకొని, వారికోసం 836లో సమర్రా నగరాన్ని రాజధానిగా నిర్మించాడు. అరబ్బు తెగలకు సొంత పెద్దలున్నారు. ఖురాసాన్ సైనికులకు సొంత ప్రాంతాభిమానం ఉంది. కొనుక్కొన్న యోధుడికి ఊళ్ళో చుట్టాలు లేరు, తెగ లేదు. కాబట్టి అతని విధేయత ఖలీఫాకే దక్కుతుందని పాలకుల అంచనా.

ఈ అంచనా పాతికేళ్ళలోనే తలకిందులైంది. 861లో ఖలీఫా అల్ ముతవక్కిల్ సొంత తురుష్క రక్షకుల చేతిలో హతుడయ్యాడు. తరువాతి తొమ్మిదేళ్ళలో నలుగురు ఖలీఫాలు గద్దెనెక్కి కూలిపోయారు. ఏ సంబంధాలూ లేని సైనికులు ఒకే బారకాసులో కలిసి బతికి తమలో తాము కొత్త సంబంధాలు అల్లుకొంటారు. ఆ సంఘీభావానికి యజమాని కేంద్రంగా ఉన్నంతవరకు అది అతనికి బలం. అతను బలహీనుడైనా, జీతాలు ఆగినా అదే అతని మెడకు ఉరి అవుతుంది. ఈ వ్యవస్థలోని శక్తి, ప్రమాదం రెండూ ఇక్కడే ఉన్నాయి.

ప్రమాదం తెలిసినా పద్ధతి ఆగలేదు. తురుష్క బానిస సైనికుడి కుమారుడైన అహ్మద్ ఇబ్న్ తులూన్ 868లో ఈజిప్టుకు చేరి స్వతంత్రాధికారం నెలకొల్పాడు. సామానీ రాజ్యంలో గులాముగా ఎదిగిన అల్ప్‌తిగిన్ గజనీలో నిలదొక్కుకున్నాడు. అతని గులాం సబుక్‌తిగిన్ 977లో అక్కడ అధికారానికి వచ్చాడు. భారత చరిత్రలో సుపరిచితుడైన మహమూద్ గజనీ ఈ సబుక్‌తిగిన్ కుమారుడే.

4. శిక్షణ – విముక్తి – పదోన్నతి:

ఈజిప్టులో ఈ పద్ధతి పరిపూర్ణ రూపం పొందింది. నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న కిప్‌చాక్ గడ్డిమైదానాల నుంచి, తరువాతి కాలంలో కాకసస్ పర్వత ప్రాంతం నుంచి వర్తకులు బాలురను తెచ్చేవారు. మంగోలు దండయాత్రలు, కరువులు, తెగల మధ్య పోరాటాలు ఈ వ్యాపారానికి సరుకు సమకూర్చాయి. జెనోవా వర్తకులు ఇందులో పాలుపంచుకున్నారు. ఓడలు బాస్ఫరస్ జలసంధి దాటవలసి ఉన్నందున, సుల్తాన్ బైబర్స్ బైజాంటైన్ చక్రవర్తి 8వ మైకేల్‌తో స్నేహసంబంధాలు నెరపాడు. బానిసల సరఫరా ఆ రాజ్యానికి విదేశాంగ విధానంలో భాగమైంది.

కొన్న బాలురను కైరో కోటలోని 'తబకా' అనే బారకాసులలో ఉంచేవారు. తొలిదశలో ఒక ఫకీహు, అనగా ధర్మశాస్త్రవేత్త, వారికి ఖురాన్, అరబ్బీ లిపి, నమాజు నేర్పేవాడు. యుక్తవయస్సు రాగానే 'ఫురూసియ్యా' మొదలయ్యేది. గుర్రపుస్వారీ, బల్లెం, విల్లు, ఖడ్గం ఇందులోని ప్రధానాంగాలు. శిక్షణ ముగిసిన తరువాత విముక్తి పత్రం, గుర్రం, ఆయుధాలు ఇచ్చి సైన్యంలో చేర్చుకొనేవారు.

అంటే, సైనికుడిగా వృత్తి ప్రారంభించే నాటికే ఈజిప్టు మమ్లూకు చట్టరీత్యా స్వతంత్రుడు. అయినా విముక్తి అతని బంధాన్ని తెంచలేదు. తనను కొని, పెంచి, విడిపించిన యజమాని అతనికి 'ఉస్తాద్'. ఒకే యజమాని కింద పెరిగినవారు పరస్పరం 'ఖుష్‌దాష్'లు. పోగొట్టుకొన్న తండ్రి స్థానంలో ఉస్తాద్, అన్నదమ్ముల స్థానంలో ఖుష్‌దాష్‌లు నిలిచారు. యజమాని పేరు ఇంటిపేరుగా మారింది. సుల్తాన్ అల్ సాలిహ్ అయ్యూబ్ మమ్లూకులు 'సాలిహీ' అయ్యారు. వెయ్యి దీనార్లకు అమ్ముడైన కలావూన్ 'అల్ఫీ' అని ప్రసిద్ధుడయ్యాడు. అల్ఫ్ అంటే వెయ్యి. తన వెలను దాచుకోవలసిన అవమానంగా కాక, తన యోగ్యతకు గుర్తుగా అతను ధరించాడు.

ప్రతిభ చూపినవారు పదిమంది అమీరు, నలభైమంది అమీరు, వందమంది అమీరు అనే మెట్లు ఎక్కేవారు. హోదాకు తగిన ఇఖ్తా, అనగా నిర్ణీత గ్రామాల రెవెన్యూ ఆదాయం, లభించేది. ఇఖ్తా భూమిపై యాజమాన్యం కాదు. అది కొడుకుకు సంక్రమించదు. ఈ నియమం వారసత్వ సమస్యకు మూలమైంది.

5. 1250: యజమానిని మించిన సేవకులు:

అయ్యూబీ సుల్తాన్ అల్ సాలిహ్ (1240–1249) తన బంధువులను నమ్మలేక కిప్‌చాక్ మమ్లూకులను విరివిగా కొని, నైలు నదిలోని రౌదా ద్వీపంలో నివాసం ఏర్పరచాడు. నదిని ఈజిప్షియన్లు 'బహ్ర్' అని పిలిచేవారు కనుక వారికి 'బహ్రీ'లనే పేరు వచ్చింది. 1249 జూన్‌లో ఫ్రాన్సు రాజు 9వ లూయీ నాయకత్వంలోని క్రూసేడు సైన్యం దమియట్టాను పట్టుకుంది. నవంబరులో సుల్తాన్ మరణించాడు. అతని భార్య షజర్ అల్ దుర్ర్ మరణవార్తను రహస్యంగా ఉంచి పాలన నడిపింది. ఆమె కూడా ఒకప్పుడు బానిసే. 1250 ఫిబ్రవరిలో మన్సూరా వద్ద బహ్రీలు శత్రువును నిలువరించారు. ఏప్రిల్‌లో లూయీ బందీ అయ్యాడు.

సుల్తాన్ కుమారుడు తురాన్‌షా తండ్రి మమ్లూకులను పక్కకు నెట్టి సొంత అనుచరులకు పదవులు ఇవ్వబోయాడు. 1250 మే నెల ఆరంభంలో బహ్రీలు అతనిని చంపారు. తరువాత షజర్ అల్ దుర్ర్ 'ఖలీల్ తల్లి' అనే పేరుతో సుమారు 80 రోజులు పాలించింది. ఆపై మమ్లూకు సేనాని ఐబక్ ఆమెను వివాహమాడి సుల్తాన్ అయ్యాడు. తురాన్‌షా హత్యను యజమాని కుటుంబం పట్ల ద్రోహంగా మాత్రమే చూడడం చాలదు. మమ్లూకుల దృష్టిలో విధేయత వంశానికి చెందినది కాదు, ఉస్తాద్ అనే వ్యక్తికి చెందినది. తండ్రి మరణంతో ఆ రుణం తీరిపోయింది. కొడుకు తన సొంత మమ్లూకులను తెచ్చుకోవడమంటే పాతవారి జీవనానికే ముప్పు. ఈ ఘర్షణ మమ్లూక్ చరిత్రలో ప్రతి తరంలోనూ పునరావృతమైంది.

6. అధికారానికి సమ్మతి:

బానిస పాలకుడు కాజాలడన్నది ఇస్లామిక ధర్మశాస్త్రంలో స్థిరమైన అభిప్రాయం. ఈ సూత్రం కాగితానికి పరిమితం కాలేదని సూచించే ఒక ప్రసిద్ధ ఉదంతాన్ని తరువాతి కాలపు జీవితచరిత్రకారులు నమోదు చేశారు. కైరోలోని షాఫియీ పండితుడు ఇజ్జుద్దీన్ ఇబ్న్ అబ్దుస్సలాం (మరణం 1262) కొందరు మమ్లూకు అమీరుల విముక్తి శాస్త్రబద్ధంగా జరగలేదని, వారు ప్రభుత్వ ఖజానా సొత్తు అని ప్రకటించాడు. చివరికి వారిని వేలంలో అమ్మి, సొమ్మును ఖజానాకు జమచేసి, సక్రమంగా విడుదల చేశారని ఆ కథనం. ప్రతి వివరం యథాతథంగా జరిగిందో లేదో అటుంచితే, విముక్తి పత్రానికి సమాజం ఇచ్చిన విలువ ఇందులో స్పష్టం.

విముక్తి అర్హత మాత్రమే, అధికారం కాదు. సమ్మతికి మరి రెండు ఆధారాలు తోడయ్యాయి. మొదటిది యుద్ధవిజయం. 1258లో బాగ్దాద్‌ను ధ్వంసం చేసిన మంగోలులను 1260 సెప్టెంబరు 3న పాలస్తీనాలోని ఐన్ జాలూత్ వద్ద సుల్తాన్ కుతుజ్ సైన్యం ఓడించింది. కొన్ని వారాలకే కుతుజ్‌ను చంపి బైబర్స్ (1260–1277) సుల్తాన్ అయ్యాడు. గడ్డిమైదానంలో మంగోలుల తాకిడికి బానిసగా మారిన బాలుడు, అదే మంగోలుల నుంచి సిరియాను కాపాడిన పాలకుడయ్యాడు. 1291లో ఆక్రా పతనంతో క్రూసేడు రాజ్యాల చివరి ప్రధాన స్థావరం కూడా మమ్లూకుల వశమైంది. రెండవ ఆధారం మతపరమైనది. బైబర్స్ 1261లో అబ్బాసీ వంశీయుడిని కైరోలో ఖలీఫాగా ప్రతిష్ఠించి, అతని నుంచి అధికార పట్టం స్వీకరించాడు. వంశం లేని సుల్తాన్ ప్రవక్త బంధువర్గానికి చెందిన వంశం నుంచి గౌరవాన్ని తెచ్చుకున్నాడు.

1382 చివరలో ఈజిప్టు చేరిన చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్, విలాసాల వల్ల క్షీణించిన ఇస్లామిక రాజ్యాలకు ఈ బానిస వ్యవస్థ దైవానుగ్రహంగా కొత్త శక్తిని ఇచ్చిందని అభిప్రాయపడ్డాడు. తరతరానికీ కొత్తగా వచ్చే సంచార యోధులు నగరజీవనపు మెత్తదనం సోకకముందే రంగంలోకి దిగుతారన్నది అతని తర్కం. అది అతని సుప్రసిద్ధమైన సంఘీభావ సిద్ధాంతానికి అనుగుణమైన వివరణ. అయితే అతను మమ్లూకు సుల్తానుల ఆదరణలో న్యాయాధికారిగా పనిచేశాడన్న సంగతిని పరిశోధకులు గమనంలో ఉంచుకోవాలి.

7. ఒక తరం కులీనత – వారసత్వ వైరుధ్యం:

సిద్ధాంతరీత్యా మమ్లూకు హోదా పుట్టుకతో రాదు. ముస్లిముగా, స్వతంత్రుడిగా కైరోలో పుట్టినవాడు మమ్లూకు కాలేడు. అమీరుల కుమారులను 'అవ్లాద్ అల్ నాస్' అనేవారు. వారు సాధారణంగా తండ్రి స్థాయిని అందుకోలేక, 'హల్కా' అనే స్వతంత్ర సైనిక విభాగంలోనో, విద్యారంగంలోనో స్థిరపడేవారు. ఈ విధంగా పాలకవర్గం ప్రతి తరంలోనూ బజారు నుంచి కొత్తగా రావలసి ఉండేది. ఇజ్రాయిలీ చరిత్రకారుడు డేవిడ్ అయలాన్ దీనిని ఒక తరానికి పరిమితమైన కులీనతగా వర్ణించాడు.

ఆచరణ ఇంత నిక్కచ్చిగా లేదు. కలావూన్ (1279–1290) సంతతి ఆటుపోట్ల మధ్య 1382 వరకు సింహాసనంపై ఉంది. అతని కుమారుడు అల్ నాసిర్ ముహమ్మద్ మూడుసార్లు సుల్తాన్ అయ్యాడు. 1341లో అతను మరణించాక ఇరవై ఏళ్ళలో అతని ఎనిమిదిమంది కుమారులు వరుసగా గద్దెనెక్కారు. పేరు వారిది, పెత్తనం అమీరులది. 1382లో బర్కూక్‌తో సర్కాసియన్ల ప్రాబల్యం మొదలయ్యాక మరో క్రమం స్థిరపడింది. సుల్తాన్ చనిపోగానే కుమారుడిని కూర్చోబెట్టడం, అమీరుల మధ్య బేరసారాలు తేలగానే అతనిని తొలగించి వారిలో ఒకరు సుల్తాన్ కావడం ఆనవాయితీ అయింది. 1438లో జక్‌మక్, 1453లో ఇనాల్, 1461లో ఖుష్‌కదం ఈ మార్గంలోనే వచ్చారు. కుమారుడి పాలన కొత్త ఒప్పందం కుదిరేవరకు నడిచే విరామం మాత్రమే. తండ్రిగా సుల్తాన్ కోరిక, సైనికులుగా మమ్లూకుల ప్రయోజనం ఎన్నడూ ఒకటి కాలేదు.

1347–48లో ప్రబలిన మహామారి, ఆ తరువాతి తెగుళ్ళు బారకాసులను ఖాళీ చేశాయి. కొత్తవారిని కొనడానికి డబ్బు కావాలి, రెవెన్యూ ఇచ్చే రైతులు కూడా తగ్గిపోయారు. చివరకు 1516 ఆగస్టులో మర్జ్ దాబిక్ వద్ద, 1517 జనవరిలో రిదానియా వద్ద ఉస్మానియా సైన్యం మమ్లూకులను ఓడించింది. రాజ్యం పోయినా మమ్లూకు కుటుంబాలు స్థానిక అధికారంలో కొనసాగాయి. 1811లో ముహమ్మద్ అలీ కైరో కోటలో వారి నాయకులను ఊచకోత కోయించడంతో ఆ ప్రాబల్యం ముగిసింది.

8. ఢిల్లీ – 'బానిస వంశం' అనే పేరు:

1206–1290 మధ్య ఢిల్లీ పాలకులను తెలుగు పాఠ్యగ్రంథాలు 'బానిస వంశం'గా వ్యవహరిస్తున్నాయి. ఈ పేరులోని రెండు మాటలూ పరిశీలించదగినవే. ఈ కాలంలో పాలించిన పదకొండు మందిలో ఒకప్పుడు బానిసలుగా ఉన్నవారు ముగ్గురే: కుతుబుద్దీన్ ఐబక్, ఇల్తుత్‌మిష్, బల్బన్. రజియాతో సహా మిగిలినవారు స్వతంత్రులుగా పుట్టినవారు. ఈ ముగ్గురూ మూడు వేర్వేరు కుటుంబాలకు చెందినవారు కనుక 'వంశం' అన్న మాట కూడా పొసగదు.

ఐబక్‌ను నిషాపూర్ ఖాజీ ఒకరు కొని తన కొడుకులతో పాటు ఖురాన్, విలువిద్య, స్వారీ నేర్పించాడు. తరువాత అతను ముయిజ్జుద్దీన్ ఘోరీకి చేరాడు. తనకు కొడుకులు లేరన్న విచారం ఘోరీకి లేదని, తన తురుష్క బందాలే తన కుమారులని అతను భావించాడని మిన్హాజ్ సిరాజ్ జుజ్జానీ 'తబకాతే నాసిరీ'లో రాశాడు. 1206లో ఘోరీ హత్య తరువాత ఐబక్ అధికారం చేపట్టాడు. అతనికి ఘోరీ వారసుడు గియాసుద్దీన్ మహమూద్ నుంచి గుర్తింపు ఆ తరువాతే అందింది. ఈజిప్టుకు, ఢిల్లీకి గల ముఖ్యభేదం ఇక్కడ ఉంది. కైరోలో విముక్తి శిక్షణ ముగింపులో జరిగే క్రమబద్ధమైన తంతు. ఉత్తర భారతంలో ప్రాంతాల పాలన చేస్తున్నవారు కూడా బందాలుగానే కొనసాగగలిగారు. ఇల్తుత్‌మిష్ గద్దెనెక్కినప్పుడు న్యాయకోవిదులు అతని విముక్తిని గురించి సందేహించగా, అతను తివాచీ అంచు కింది నుంచి పత్రం తీసి చూపాడని 14వ శతాబ్ది యాత్రికుడు ఇబ్న్ బతూతా ఒక ఉదంతం చెప్పాడు. 1229లో బాగ్దాద్ ఖలీఫా నుంచి వచ్చిన గుర్తింపు ఇల్తుత్‌మిష్ స్థానాన్ని దృఢపరచింది.

బల్బన్ (1266–1287) వైఖరి కలావూన్‌కు పూర్తిగా భిన్నం. అతను తనను పురాణప్రసిద్ధుడైన అఫ్రాసియాబ్ సంతతిగా చెప్పుకున్నాడు. అల్పకులజులకు పదవులు ఇవ్వడానికి నిరాకరించాడు. కైరోలో బానిస గతం పాలకవర్గ ప్రవేశానికి యోగ్యతాపత్రం. ఢిల్లీలో అది కప్పిపుచ్చవలసిన అంశం. ఢిల్లీలో బానిసల కుమారులు, వలస వచ్చిన కులీనులు, స్థానిక నాయకులు అధికారంలో వాటా కోరడంతో బందాల గుత్తాధిపత్యం స్థిరపడలేదు. సుల్తానులు తమ ఆంతరంగిక బందాలపై ఆధారపడిన తీరును సునీల్ కుమార్ 2007లో వెలువడిన తన గ్రంథంలో విపులంగా చర్చించాడు.

9. సేనానులై ఆగినవారు:

ప్రతిచోటా బానిస సేనాని సుల్తాన్ కాలేదు. 1309–10లో ఓరుగల్లును ముట్టడించి ప్రతాపరుద్రుని చేత కప్పం కట్టించిన మాలిక్ కాఫూర్ గుజరాత్ దండయాత్రలో పట్టుబడిన బానిస. 'హజార్ దీనారీ' అనే అతని బిరుదు కలావూన్ 'అల్ఫీ'ని తలపిస్తుంది. 1316లో అల్లావుద్దీన్ మరణానంతరం కాఫూర్ బాలుడిని గద్దెపై కూర్చోబెట్టి పెత్తనం చేశాడు. కొద్దివారాలకే హతుడయ్యాడు. కైరో అమీరు వెనుక ఖుష్‌దాష్‌ల వర్గం ఉంటుంది. కాఫూర్ వెనుక అటువంటి వర్గం లేదు. ఇథియోపియాలో పుట్టి అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపిన మాలిక్ అంబర్ (మరణం 1626) కూడా నిజాంషాహీ రాకుమారుల పేరుతోనే పాలించాడు. ఉస్మానియా సామ్రాజ్యంలో 'కుల్'లు ప్రధానమంత్రులయ్యారు, సుల్తానులను దించారు కూడా. అయినా ఉస్మాన్ వంశం వెలుపలివారెవరూ సుల్తాన్ కాలేదు. రాజవంశానికి పవిత్రత దక్కిన చోట బానిస దాని నీడలో ఎదిగాడు. అది కూలిన చోట మాత్రమే దాని స్థానం ఆక్రమించాడు.

10. ఉపసంహారం:

పై పరిశీలన వల్ల కొన్ని నిర్ధారణలకు రావచ్చు.

1. బానిస సైనికులు పాలకులు కావడానికి మూడు పరిస్థితులు కలిసిరావాలి: ఒకే యజమాని కింద పెరిగిన సంఘటిత వర్గం, రాజవంశంలో వారసత్వ సంక్షోభం, విజయం ద్వారా నిరూపించుకొనే యుద్ధ సందర్భం. 1250–1260 మధ్య ఈజిప్టులో ఈ మూడూ సమకూరాయి.

2. విముక్తి, ఖలీఫా గుర్తింపు ఈ అధికారానికి ధర్మశాస్త్ర సమ్మతిని ఇచ్చాయి. ఈ దృష్టితో చూస్తే సుల్తాన్ 'బానిస' కాడు, విముక్తుడు.

3. ఢిల్లీ విషయంలో 'బానిస వంశం' కంటే 'తొలి తురుష్క సుల్తానులు' అనే వ్యవహారం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. పాత పేరును వాడవలసివస్తే దాని పరిమితిని విద్యార్థులకు వివరించడం అవసరం.

4. సింహాసనం ఎక్కిన కొద్దిమంది వెలుగులో, బజారుకు చేరకముందే దారిలో చనిపోయిన పిల్లలు, బారకాసు దాటని సాధారణ సైనికులు, గృహాలలోనే మగ్గిన స్త్రీలు కనుమరుగు కారాదు. గ్రంథాలు సుల్తానుల పేర్లను భద్రపరచాయి. కిప్‌చాక్ మైదానంలో మిగిలిపోయిన తల్లుల పేర్లను భద్రపరచలేదు. బానిసత్వం కొందరికి నిచ్చెన అయిందన్న వాక్యం ఎంత నిజమో, ఆ నిచ్చెన వారు కోరుకొన్నది కాదన్న వాక్యమూ అంతే నిజం. ఈ రెండింటినీ కలిపి చెప్పినప్పుడే ఈ చరిత్ర సమగ్రమవుతుంది.